సర్వర్‌కీ ఫైర్‌వాల్‌కీ ఏది మేలు: డెబియన్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ?

ఈ మూడూ సర్వర్లకు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లే: డెబియన్ లైనక్స్ రకం, మిగతా రెండూ బీఎస్‌డీ అనే యూనిక్స్ కుటుంబానివి. ఇన్‌స్టాల్ చేసిన రోజు ఏ ఆపరేటింగ్ సిస్టమైనా బాగానే ఉంటుంది. రెండేళ్లు పోయాక, నడుస్తున్న సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేయాల్సి వచ్చినప్పుడే దాని సంగతి తెలుస్తుంది. నేను ఎంచుకునేది ఆ రోజును తలుచుకునే.

ఇంటర్నెట్‌కి ఎదురుగా నిలబడే ఫైర్‌వాల్ మెషీన్ అయితే నా ఓటు ఓపెన్‌బీఎస్‌డీకి. 2001లో అక్కడే పుట్టిన పీఎఫ్ (ప్యాకెట్ ఫిల్టర్, ఏ ట్రాఫిక్‌ని రానివ్వాలో తేల్చే భాగం) రూల్స్ చదువుతుంటే మామూలు వాక్యాల్లా అర్థమవుతాయి. ఎవరో ఎప్పుడో రాసిన ఫైల్ తెరిచినా తికమక పడం. ఒక్క విషయం మాత్రం జాగ్రత్త: ప్యాకెట్‌కి (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కకి) సరిపోయే రూల్స్‌లో చివరిదే చెల్లుతుంది, 'క్విక్' అని రాస్తే తప్ప. లైనక్స్‌లో ఇదే పని చేసే ఐపీటేబుల్స్‌లో మామూలుగా మొదట సరిపోయినదే నిర్ణయిస్తుంది కాబట్టి, అటునుంచి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. రెండు మెషీన్లు పెట్టి కార్ప్ (ఒకే ఐపీ అడ్రస్‌ని రెండు మెషీన్లు పంచుకునే పద్ధతి), పీఎఫ్‌సింక్ (కనెక్షన్ల వివరాలు రెండోదానికి అందించేది) కలిపితే ఒకటి పడిపోయినా రెండోది అదే ఐపీతో పని అందుకుంటుంది, నడుస్తున్న కనెక్షన్లు కూడా నిలుస్తాయి. వీటన్నిటికీ బయటి ప్యాకేజీ ఒక్కటీ అక్కర్లేదు.

కాకపోతే ఆరు నెలలకో రిలీజ్ వస్తుంది, చివరి రెండింటికే ప్యాచ్‌లు ఇస్తారు. మధ్యలో ఒకటి వదిలేసి పైదానికి దూకడమూ కుదరదు. సిస్‌అప్‌గ్రేడ్ అనే కమాండ్‌తో పని తేలికే గానీ, ఏటా చేసే ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

డేటా దాచే సర్వర్‌కి ఫ్రీబీఎస్‌డీ. 2008లో వచ్చిన 7.0 నుంచీ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్‌మీద డేటాని అమర్చి కాపాడేది) అందులో భాగం. అప్‌గ్రేడ్‌కి ముందు బూట్ ఎన్విరాన్‌మెంట్ (ఉన్న సిస్టమ్‌కి నకలు) ఒకటి తీసి పెట్టుకుంటే, ఏదైనా చెడినా రీబూట్ చేసి పాత సిస్టమ్‌లోకి వెళ్లిపోవచ్చు. ఈ ఒక్క ధైర్యం కోసమే దాన్ని వాడొచ్చంటాను. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లు నడిచేదీ దీనిమీదే. పీఎఫ్ ఇక్కడా ఉంది గానీ, 2010లో ఓపెన్‌బీఎస్‌డీ 4.7 నాట్ (లోపలి అడ్రస్‌లను బయటి ఐపీగా మార్చే పని) రూల్స్ రాసే తీరు మార్చుకున్నాక రెండూ వేరు దారులు పట్టాయి. అక్కడి రూల్స్ ఇక్కడ అతికిస్తే పనిచేస్తాయని అనుకోవద్దు.

డాకర్ కంటైనర్లు (అప్లికేషన్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టెలు) నడపాలన్నా, కొత్త హార్డ్‌వేర్‌కి డ్రైవర్లు కావాలన్నా డెబియనే. సుమారు రెండేళ్లకో స్టేబుల్ రిలీజ్, ఎల్‌టీఎస్‌తో (దీర్ఘకాల సపోర్ట్‌తో) కలిపి ఐదేళ్ల సపోర్ట్. పైగా ఏ కంపెనీ చేతిలోనూ లేదు. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8ని (రెడ్ హ్యాట్ కంపెనీ చేతిలోని లైనక్స్‌ని) 2021 చివరికే ఆపేసినప్పుడు ఈ స్వతంత్రం విలువ చాలామందికి తెలిసొచ్చింది. లోటల్లా జెడ్‌ఎఫ్‌ఎస్‌తోనే: లైసెన్స్ చిక్కువల్ల అది కెర్నల్‌కి (సిస్టమ్ గుండెకాయకి) బయటే ఉంటుంది, కెర్నల్ మారినప్పుడల్లా దాని మాడ్యూల్ మళ్లీ బిల్డ్ అవ్వాలి.

మూడూ నేర్చుకునే తీరిక లేక, అన్నీ ఒక్కరే చూసుకునే చోటైతే డెబియన్ పెట్టి, ఫైర్‌వాల్‌ని ఐపీటేబుల్స్ స్థానంలో వచ్చిన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌తో నడపండి. ఇంకో మెషీన్‌కి వీలున్న రోజున, ముందుగా ఫైర్‌వాల్‌ని ఓపెన్‌బీఎస్‌డీకి మార్చండి.