ఏం నొస్తుందో అడగకముందే ఇన్సూరెన్స్ అడిగే అపాయింట్‌మెంట్ కౌంటర్లు

నల్గొండలోగానీ మహబూబ్‌నగర్‌లోగానీ కాస్త పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి ఫోన్ చేసి ఎముకల డాక్టర్‌కు నంబరు రాయమంటే, అవతలి నుంచి ముందు పేరు, ఊరు, ఆ వెంటనే "ఇన్సూరెన్సా, ఆరోగ్యశ్రీనా, క్యాషా?" అని వస్తుంది. "అమ్మకు మోకాలు మడత పడ్తలేదు మేడం" అని దేవరకొండ నుంచి చెప్తున్న మనిషిని మధ్యలోనే ఆపి, "కార్డు ఏ కంపెనీది సార్?" అంటారు. అడగకూడని ప్రశ్నేం కాదు. అడిగే సమయం మాత్రం అది కాదు.

ఎందుకంటే చాలా పాలసీలు 24 గంటలకు తగ్గకుండా ఆస్పత్రిలో ఉంటేనో, కంటి శుక్లం ఆపరేషన్, డయాలసిస్ లాంటి డే కేర్ (అదే రోజు ఇంటికి పంపే) చికిత్సలకో డబ్బిస్తాయి. ఓపీ (అడ్మిట్ కాకుండా డాక్టర్‌కు చూపించుకునే) ఫీజు, ఎక్స్‌రే, రక్తపరీక్షలకు కార్డున్నా చేతి నుంచే కట్టాలి. ఓపీ కవర్ విడిగా తీసుకున్నవాళ్లు తక్కువ. ఈ సంగతి ఫోన్‌లో చెప్పరు. కార్డుందన్నవాళ్లు డబ్బుల్లేకుండా బస్సెక్కి వస్తారు. లేదన్నవాళ్లు నంబరు దొరకదేమోనని ఫోన్ పెట్టేస్తారు. ఈ రెండోది మాకు చాలా బాధ కలిగించే విషయం.

అడిగితే ఇంతే చెప్పండి: "ముందు ఓపీ రాయండి, అడ్మిషన్ అంటే అప్పుడు కార్డు చూపిస్తం." పాలసీ ఎన్ని లక్షలదో ఫోన్‌లో చెప్పాల్సిన పని లేదు. ఓపీ చీటీ, మందుల బిల్లులు, రిపోర్టులు మాత్రం పారేయొద్దు. అదే జబ్బుకు తర్వాత అడ్మిట్ అయితే, ముందు 30 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల ఖర్చులు చాలా పాలసీల్లో వస్తాయి.

ఛాతి నొప్పి, పక్షవాతం, యాక్సిడెంట్ అయితే అపాయింట్‌మెంట్ మాటే వద్దు, 108కి చేయండి. ప్రాణం మీదికొచ్చిన మనిషికి ముందు చికిత్స, కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇప్పుడు తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పరిమితి 10 లక్షలు. అయినా "మా దగ్గర ఆరోగ్యశ్రీ ఉంది" అన్న మాట విని బయల్దేరొద్దు. ఏ విభాగానికి ఉందో అడగాలి. గుండెకు ఉండి ఎముకలకు లేని ఆస్పత్రులుంటాయి. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని నేరుగా ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి పోవాలి. సందేహముంటే 104.

ప్రైవేటు పాలసీకి అసలు చిక్కు ఓపీ చీటీలోనే మొదలవుతుంది. "బీపీ ఎన్నాళ్ల నుంచి?" అంటే తొందరలో "చానా ఏండ్లాయె" అనేస్తారు, డాక్టరు పదేళ్లు అని రాస్తాడు. పాలసీ తీసుకుని రెండేళ్లే అయితే, పాత జబ్బు దాచారని కంపెనీ ఆ గీత పట్టుకునే క్లెయిమ్ ఆపుతుంది. అబద్ధం చెప్పమనడం లేదు. గుర్తు తెచ్చుకుని సరిగ్గా చెప్పండి, చీటీలో ఏం రాశారో అక్కడే చదివించుకోండి. మోకీలు మార్పిడి, హెర్నియా, శుక్లాలకు చాలా పాలసీల్లో 24 నెలల ఆగుడు ఉంటుంది. అదీ చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ డెస్క్‌లో గది అద్దె గురించి ఎవరూ వాళ్లంతట చెప్పరు. 5 లక్షల పాలసీలో అద్దె పరిమితి పాలసీ మొత్తంలో 1 శాతమైతే రోజుకు 5,000. మీరు 8,000 గది తీసుకుంటే అదనపు 3,000తో పోదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలకు కూడా అదే లెక్కన ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. అంటే ఆ పద్దు కింద 80,000 అయితే 50,000 వస్తుంది, 30,000 మీ మీద పడుతుంది. మందులకు, లోపల వేసే ఇంప్లాంట్‌కు ఈ కోత ఉండకూడదు. వేస్తే నిలదీయండి. చేతి తొడుగులు, సిరంజిల ఖర్చు చాలాచోట్ల మనదే.

మేమిచ్చే మార్కులు: ఫోన్ కౌంటర్‌కు ఐదుకు రెండు. ఇన్సూరెన్స్ డెస్క్‌కు మూడున్నర, ఫైలు పంపడంలో చురుకే. 2024 నిబంధనల ప్రకారం క్యాష్‌లెస్ (కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టే) అనుమతి మీద కంపెనీ గంటలో తేల్చాలి, డిశ్చార్జ్ అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. కానీ ఆ మూడు గంటలు ఆస్పత్రి ఫైనల్ బిల్లు పంపాకే మొదలవుతాయి. డాక్టరు పొద్దున ఇంటికి పొమ్మన్నా, ఫార్మసీ మిగిలిన మందుల లెక్క తేల్చక మధ్యాహ్నం దాకా బిల్లే కదలదు. కాబట్టి ముందురోజు సాయంత్రమే వాడని మందులు వాపసు ఇప్పించండి.