జాగ్రత్త: కొండ ఊరి నడక, ‘సంస్కృతి దర్శనం’ ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి

“లోకల్ గైడ్‌తో కొండ నడక, ఊళ్లో నేతపని చేసేవాళ్ల ఇంటికి వెళ్లడం, వాళ్లతోనే భోజనం, చీకటి పడకముందే తిరిగి కిందికి” అని ఆన్‌లైన్‌లో ఎవరైనా ప్యాకేజీ అమ్ముతుంటే డబ్బు కట్టకండి, ముందు ఇది చదవండి. మేం కట్టి వెళ్లాం. గైడ్ లోకల్ కాదు. నడక వాళ్లు చెప్పిన నడక కాదు. మేం వస్తున్నట్టు ఆ ఇంటివాళ్లకే తెలీదు.

ఊరి పేరు కావాలనే రాయట్లేదు. తప్పు ఊరిది కాదు. పేరు పెడితే అక్కడ నిజాయితీగా గైడ్ పని చేసుకునేవాళ్ల పొట్ట కొట్టినట్టవుతుంది, మమ్మల్ని ముంచినవాళ్లు మాత్రం ఇంకో ఊరి ఫొటోలు పెట్టుకుని హాయిగా అమ్ముకుంటారు.

మేం డబ్బు కట్టింది ఒకరికి. వాళ్లు బుకింగ్‌ను ఇంకో ఏజెంట్‌కి అప్పజెప్పారు, ఆ ఏజెంట్ ఒక బండి యజమానికి, ఆయన తన డ్రైవర్‌కి. చేయి మారిన ప్రతిచోటా కొంత కోత. చివరికి గైడ్ వేషంలో మా ముందు నిలబడింది ఆ డ్రైవరే. పాపం, మంచివాడే, కానీ ఆ కొండ గురించి అతనికి తెలిసింది మాకంటే పెద్ద ఎక్కువేం కాదు. ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ నడిచాడు. దారి రెండుగా చీలినచోట మమ్మల్ని నిలబెట్టి, పొలంలో పని చేసుకుంటున్న ఒకాయన్ని అడిగొచ్చాడు. ఇంకో చీలిక దగ్గర ఆ పని మేమే చేశాం.

ఇప్పుడు నడక సంగతి. పేజీలో రాసింది “8 కిలోమీటర్లు, సులువు, రెండు గంటలు”. రాయనిది ఎక్కుడు. ఆ 8 కిలోమీటర్లలో దాదాపు 900 మీటర్లు పైకి ఎక్కాలి. కొండల్లో దూరం ఒక్కటే చెప్పి ఎక్కుడు చెప్పకపోతే అది సగం అబద్ధం కింద లెక్క. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు పెట్టిన లెక్కను ఇప్పటికీ వాడుతున్నారు: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. మా దారికి ఆ లెక్క వేస్తే మూడు గంటల పైమాటే. అది కూడా నడక అలవాటున్నవాళ్లకు, ఎక్కడా ఆగకుండా నడిస్తే. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఇంకా కలుపుకోవాలి. పొద్దున్నే రావలసిన బండి ఎండెక్కాక వచ్చింది. కొండల్లో మధ్యాహ్నం దాటితే మబ్బులు కమ్ముకోవడం మామూలే. దిగేటప్పుడు వానలో, బురదలో, ఫోన్ లైట్ల వెలుతురులో దిగాం. గైడ్ దగ్గర టార్చి లేదు, గాయానికి కట్టు కట్టడానికి గుడ్డముక్క కూడా లేదు.

ఎత్తు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోతే పోయింది, ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. ఊరు 3,000 మీటర్లకు దగ్గర్లో ఉందని పేజీలో ఎక్కడా లేదు. మైదానం నుంచి అదే రోజు బండిలో ఎక్కించి, దిగీ దిగగానే నడిపించారు. మాతో వచ్చినవాళ్లలో ఒకావిడకు తలనొప్పి మొదలై, ఊరు చేరేసరికి వాంతులయ్యాయి. “ఖాళీ కడుపు వల్లండీ, ఏదైనా తింటే సర్దుకుంటుంది” అని గైడ్ ఆవిణ్ని ఇంకా పైనున్న వ్యూ పాయింట్‌కు బయల్దేరదీశాడు. మేం అడ్డుపడ్డాం. సుమారు 2,500 మీటర్లు దాటితే ఎత్తు జబ్బు ఎవరికైనా రావచ్చు. వయసులో ఉన్నాం, జిమ్‌కి వెళ్తున్నాం అంటే అది వదిలిపెట్టదు. తలనొప్పికి తోడు వికారం, కళ్లు తిరగడం, నీరసం ఉంటే అంతకంటే పైకి వెళ్లకూడదు. ముదురుతుంటే కిందికి దించాలి. అడుగులు తడబడినా, మాట తికమకైనా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఇక ఆలోచించేది లేదు, దించేయాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగమని వైద్యులు చెబుతారు. ఈ నాలుగు ముక్కలూ తెలియని మనిషిని గైడ్ అనడానికి లేదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన మోసం కూడా ఉంది. చిన్న తలనొప్పికే భయపెట్టి హెలికాప్టర్ ఎక్కించి, బీమా కంపెనీ నుంచి డబ్బు లాగడం. నేపాల్‌లో ఇది ఎంత ముదిరిందంటే 2018లో ప్రభుత్వమే విచారణ జరిపించింది. అందుకే లక్షణాలు మీకే తెలిసి ఉండాలి, గైడ్ నోటికి వదిలేయకూడదు.

ఇక ఆ ‘సంస్కృతి దర్శనం’. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే.

ఒక ఇంటి వరండాలో మగ్గం. దాని ముందు ఒక పెద్దావిణ్ని కూర్చోబెట్టారు. గైడ్ చెయ్యి ఊపగానే ఆవిడ నాడె (అడ్డదారం పరిచేందుకు అటూ ఇటూ తోసే పనిముట్టు) ఆడించడం మొదలుపెట్టింది. మాలో నేతపని తెలిసినామె ఒకరు వంగి చూసి నాకు మోచేత్తో పొడిచింది. నాడె అటూ ఇటూ తిరుగుతోంది కానీ అందులో నూలు చుట్టే కండె ఖాళీ. మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు దారాల మీద దుమ్ము. గుడ్డ ఒక్క వేలెడు కూడా పెరగట్లేదు. గోడకు వేలాడదీసిన శాలువాల అంచున లేబుల్ కత్తిరించిన దారప్పోగులు ఇంకా అలాగే ఉన్నాయి. “ఫొటోలు ప్యాకేజీలోనే ఉన్నాయి, తీసుకోండి తీసుకోండి” అంటున్నాడు గైడ్. ఆవిడ మాత్రం మొహం పక్కకు తిప్పేసుకుంది.

పట్నంలో చదువుకుంటున్న ఆవిడ మనవరాలు మా మాట అర్థం చేసుకోగలదు. “మీరు ఎంత కట్టారని మామ్మ అడుగుతోందండీ” అంది. చెప్పాం. ఆ పిల్ల అటు తిరిగి చెప్పేసరికి పెద్దావిడ నాడె పక్కన పెట్టేసింది. మనిషికింత అని వాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వరట. శాలువా అమ్ముడైతేనే ఏమైనా మిగిలేది, అందులోనూ తెచ్చినవాడికి వాటా. ఆ శాలువాలు మూటలుగా కింది నుంచే వస్తాయట. మగ్గం మీద నిజంగా నేసేది చలికాలంలో, ఇంటి అవసరానికి మాత్రమే. జనం ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాకే ఎవరో వచ్చారని తెలుస్తుంది, ఉన్న పని వదిలేసి వచ్చి కూర్చోవాలి. “ఆ ఇంటివాళ్లతో భోజనం” అన్నది ఏమైందంటారా? కింది నుంచి తెచ్చిన ప్యాకెట్లు. వాళ్ల వరండాలోనే కూర్చుని, వాళ్లు నిలబడి చూస్తుంటే మేం తినాలి. ముద్ద దిగలేదు.

ఇది మా ఒక్కరి గోడు కాదు. థాయిలాండ్ ఉత్తర కొండల్లో మెడకు ఇత్తడి కడియాలు వేసుకునే కయాన్ మహిళల ఊళ్లకు టికెట్ పెట్టి పర్యాటకులను తిప్పుతుంటారు. మియన్మార్ నుంచి శరణార్థులుగా వచ్చిన వాళ్లలో కొందరిని తీసుకోవడానికి వేరే దేశాలు ఒప్పుకున్నా, థాయ్ అధికారులు వెళ్లనివ్వలేదు. 2008లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ దీన్ని బయటపెడితే, ఆ ఊళ్లకు వెళ్లకండన్న మాట గట్టిగా వినిపించింది. మనం కొనే టికెట్ ఎవరి జేబులోకి వెళ్తోందో అడగకపోతే వ్యవహారం ఎంత దూరమైనా పోతుంది.

అలాగని కొండ ఊళ్లకు వెళ్లొద్దని నేను అనట్లేదు. నేపాల్‌లో సిరుబారి అనే ఊళ్లో 1997 నుంచి హోమ్‌స్టే నడుస్తోంది. అతిథి ఏ ఇంట్లో ఉండాలో ఊరి కమిటీ నిర్ణయిస్తుంది. అలాంటి చోట ఇంటివాళ్లకు మీరొస్తున్న సంగతి ముందే తెలుస్తుంది, ఎంత వస్తుందో తెలుస్తుంది, ఇష్టం లేకపోతే కాదనే వీలూ ఉంటుంది. కాబట్టి అమ్మేవాళ్లను నేరుగా అడగండి: మేం వెళ్లే ఇల్లు ఎవరిది, మా డబ్బులో వాళ్లకు ఎంత, వాళ్లకు ఎప్పుడు చెప్పారు? “అన్నీ ఇన్‌క్లూడెడ్ సార్” అన్న జవాబు వస్తే అక్కడితో ఆపేయండి. గైడ్ పేరు, ఊరు, లైసెన్సు ముందే అడగండి, వీలైతే ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి. రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లు, అన్నిటికంటే ఎత్తైన చోటు ఎంత, నడక ఎన్నింటికి మొదలు అన్నవి మెసేజ్‌లో రాయించుకోండి. అనుమతి పత్రం కావలసిన దారి అయితే మీ పేరుతో ఉన్న పత్రం చూపించమనండి. పెరూలో ‘ఇన్కా ట్రెయిల్’ అనే కొండ నడక దారికి గైడ్లు, మోతగాళ్లతో కలిపి రోజుకు 500 మందికే అనుమతి, అదీ పాస్‌పోర్ట్ నంబరుతో సహా ఎవరి పేరున వాళ్లకే. అలాంటి చోట “అక్కడికొచ్చాక చూసుకుందాం” అనేవాడి దగ్గర ఏమీ ఉండదు. ప్రయాణ బీమా ఉంటే అందులో ఎత్తు పరిమితి చూసుకోండి. చాలా పాలసీలు ఫలానా మీటర్లు దాటితే వర్తించవు.

డబ్బు దగ్గర ఇంకో ఎత్తు వేశారు. “కార్డు వద్దు, నేరుగా ఖాతాకు పంపితే తగ్గిస్తాం” అన్నారు. మాలో కొందరు అలా పంపారు, కొందరు కార్డుతోనే కట్టారు. కార్డువాళ్లు బ్యాంకులో వివాదం నమోదు చేశారు, అది నడుస్తోంది. దీనికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి. ఖాతాకు పంపినవాళ్లకు ఎవరూ పలకట్లేదు. మొదట అమ్మినవాళ్లు “మేం బుకింగ్ వరకే” అంటారు, ఏజెంట్ “బండాయన్ని అడగండి” అంటాడు, బండాయన ఫోన్ ఎత్తడు. మధ్యలో ఒకసారి, సగం వెనక్కి ఇస్తాం, రాసిన రివ్యూ తీసేయండి అని బేరం పెట్టారు. మేం ఒప్పుకోలేదు.

ప్యాకేజీ పేజీని కొన్న రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మా ఫిర్యాదు వెళ్లాక వాళ్ల పేజీలో ‘సులువు’ తీసేసి ‘మధ్యస్థం’ అని మార్చారు. ‘లోకల్ గైడ్’ అలాగే ఉంది, ‘ఆ ఇంటివాళ్లతో భోజనం’ కూడా అలాగే ఉంది.