సొంత షెడ్డు కట్టేలోపు గుర్రాన్ని బయట ఉంచుతున్నారా? ముందు ఇది చదవండి

హైదరాబాద్ చుట్టుపక్కల సొంత జాగాలో షెడ్డు కట్టుకుంటూ, అది పూర్తయ్యేదాకా గుర్రాలను ఏదైనా ఫామ్‌లో నెలకింతని ఇచ్చి ఉంచుదామని చూస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మేం అదే చేశాం. మా గుర్రం చుక్క చావు దాకా వెళ్ళి వచ్చింది.

మాకు రెండు గుర్రాలు. చుక్క రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ ఆడగుర్రం, పదకొండేళ్ళది. మోతీ మార్వాడీ జాతిది. చేవెళ్ల వైపు మా రెండెకరాల్లో మే నెలలో పని మొదలుపెట్టాం. మేస్త్రీ రెండు నెలలు చాలన్నాడు. జూన్‌లో వానలు పడ్డాయి, పిల్లర్ల గుంతల్లో నీళ్ళు నిలిచాయి, బోరుకు కరెంటు కనెక్షన్ రాలేదు. గుర్రాలు అప్పటిదాకా ఉన్న చోటేమో నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. ఆ టెన్షన్‌లో తెలిసినవాళ్ళు ఒక ఫామ్ గురించి చెప్పారు.

ఆదివారం పొద్దున వెళ్ళి చూశాం. తెల్ల రంగు వేసిన కంచె, కత్తిరించిన పచ్చిక, పెళ్ళి ఫొటోలకు, ఊరేగింపులకు వెళ్ళే గుర్రాలు. ఓనర్ చాయ్ తాగించి, "మీరేం ఫికర్ చెయ్యకండి అన్నా, మా గుర్రాలెట్లనో మీవీ అట్లనే" అన్నాడు. గుర్రానికి నెలకు పదిహేను వేలు, రెండు నెలల అడ్వాన్స్. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. రెండు నెలలకేగా అనుకున్నాం. పైగా చుక్క గుర్తింపు పత్రం, అంటే ఒరిజినల్ పాస్‌పోర్టు "రికార్డు కోసం" అడిగితే అదీ ఇచ్చేశాను.

మొదటి రెండు వారాలు ఆదివారం ఆదివారం వెళ్ళాను. అంతా బాగానే కనిపించింది. తర్వాత సైటు పనితో తీరిక దొరకలేదు. రోజూ సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో వచ్చేది, మనసు నిమ్మళంగా ఉండేది. ఆగస్టు రెండో వారంలో ఒక రాత్రి ఆ ఫొటోలు మా అమ్మాయికి చూపిస్తుంటే, "నాన్నా, చుక్కకు జడ ఉందేంటి?" అంది. చుక్క జూలుకు ఆ జడ వేసింది తనే, జూలై మొదటివారంలో. ఆ ఆదివారమే నా చేత్తో విప్పేశాను. అంటే ఐదు వారాలుగా అతను పంపుతున్నవి పాత ఫొటోలే, ఒకదాని తర్వాత ఒకటి.

మర్నాడు బుధవారం. చెప్పకుండా మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను. మా గుర్రాలు మేం చూసిన లాయంలో లేవు. వెనకాల గేదెల కోసం వేసిన రేకుల షెడ్డులో, మూరెడు తాడుతో కట్టేసి ఉన్నాయి. కింద తడి, వారాల తరబడి తీయని లద్దె. చుక్క ముందున్న బకెట్ ఎండిపోయి అడుగున పాచి పొరలు లేచింది. బోరు మోటారు కాలిపోయి నాలుగు రోజులైందట, ట్యాంకర్ నీళ్ళు ముందు పచ్చికకు, తర్వాత గుర్రాలకు. నాలుగున్నర క్వింటాళ్ళ గుర్రానికి మామూలు రోజుల్లోనే పాతిక నుంచి నలభై లీటర్లు కావాలి.

కింద పడి ఉన్న లద్దె చూడగానే నాకు గుండె జారింది. మామూలుగా తేమగా, కింద పడగానే విచ్చుకునే ఉండలు ఉండాలి. అవి చిన్నగా, నల్లగా, రాళ్ళలా గట్టిగా ఉన్నాయి, మీద తెల్లటి జిగురు. దాణా ఏదని సైస్‌ను, అంటే గుర్రాలు చూసుకునే కుర్రాణ్ణి అడిగితే మూలనున్న సంచి చూపించాడు. దాని మీద పాడి గేదె బొమ్మ ఉంది. పక్కనే చింపిన కోళ్ళ దాణా సంచి, రెండింటికీ ఒకటే డబ్బా. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. నెల కిందటిదాకా గేదెలు చూసుకున్నవాడు, తొమ్మిది గుర్రాలకు ఒక్కడే, ఎవరూ ఏమీ నేర్పలేదు.

ఈ సంచి సంగతి తేలిగ్గా తీసుకోకండి. పశువుల దాణాలో, కోళ్ళ దాణాలో మోనెన్సిన్ అనే మందు కలిసి ఉండొచ్చు. కోడికి, గేదెకు ఏమీ కాదు. గుర్రానికి మాత్రం కొద్ది మోతాదు కూడా గుండె కండరాన్ని దెబ్బతీసి ప్రాణం తీస్తుంది. ఒకే డబ్బాతో కొలవడం కూడా ప్రమాదమే. పచ్చిమేతగా మన దగ్గర ఎక్కడ చూసినా సూపర్ నేపియరే. గేదెలకు మంచిదే కానీ అందులో ఆక్సలేట్లు ఎక్కువ, క్యాల్షియాన్ని గుర్రం ఒంటికి పట్టనివ్వవు. నెలల తరబడి అదొక్కటే వేస్తే ఎముకలు గుల్లబారి, దవడలు ఉబ్బి, కుంటడం మొదలవుతుంది.

టేపు తీసి చుక్క ఛాతీ చుట్టుకొలత కొలిచాను. దించినరోజు 180 సెంటీమీటర్లు, ఇప్పుడు 172. ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, భుజం ముందు నుంచి పిరుదు చివరిదాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో సుమారుగా వస్తుంది. 450 కిలోల గుర్రం 411కు దిగింది, ఆరు వారాల్లో. కొలత మీరే తీసి, తారీఖు వేసి రాసుకోండి. ఫొటోలో కనిపించనిది టేపు చెబుతుంది.

పక్క తోటలోంచి నీళ్ళు మోసి కొంచెం కొంచెంగా పట్టించాను. సాయంత్రం ఆరింటికి చుక్క ముందుకాలితో నేల గీరడం, తల తిప్పి తన డొక్క వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. పడుకోవడం, లేవడం, మళ్ళీ పడుకోవడం. నాడి చూస్తే నిమిషానికి 64, మామూలుగా 28 నుంచి 44 మధ్య ఉండాలి. డాక్టర్ వచ్చేసరికి ఎనిమిది దాటింది. గుర్రాలకు వాంతి చేసుకునే వీలుండదు కాబట్టి ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి చూసి, లిక్విడ్ పారఫిన్ పోశారు, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి సెలైన్ ఎక్కించారు. నీళ్ళు చాలక ఎండుమేత పేగులో గడ్డకట్టిందన్నారు. రాత్రంతా పగ్గం పట్టుకుని నిలబడ్డాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లద్దె వేసింది. డాక్టర్ ముందే నేను ఏడ్చేశాను.

పొద్దున గుర్రాలను తీసుకెళ్తానంటే ఓనర్ గేటు తీయలేదు. నెల ముందు నోటీసు ఇవ్వలేదు కాబట్టి ఇంకో ముప్పై వేలు కట్టాలట. పాస్‌పోర్టు అతని బీరువాలో ఉంది. కట్టాను. మీరు మాత్రం జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి. దాణా ఏది, ఎన్ని పూటలు, జబ్బు చేస్తే ఎవరికి ఫోన్, నోటీసు ఎన్ని రోజులు, ఇవన్నీ ఒక పేజీ మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. బండి ఎక్కించేటప్పుడు ప్రయాణానికి పనికొస్తుందని డాక్టర్ సర్టిఫికెట్ కూడా దగ్గర ఉంచుకోండి, 1978 జంతు రవాణా నిబంధనల ప్రకారం అది తప్పనిసరి.

తర్వాత మేం వెళ్ళిన చోటు చూడ్డానికి ఏమీ లేదు. మట్టి నేల, వేపచెట్టు, మలక్‌పేట రేసుకోర్సులో ముప్పై ఏళ్ళు సైస్‌గా చేసిన పెద్దాయన. గుర్రాలను దించకముందే గ్లాండర్స్ రక్తపరీక్ష రిపోర్టు అడిగాడు. అది మనుషులకూ అంటే జబ్బు, గుర్రానికి తేలితే చంపేయడం తప్ప దారి లేదు. మొదటి ఫామ్‌లో ఊరేగింపు గుర్రాలు వారం వారం వచ్చిపోతున్నా, ఒక్క రిపోర్టూ అడగలేదు. నేనూ అడగలేదు. పెద్దాయన చుక్క నోరు తెరిచి పళ్ళు చూసి, గిట్టలెత్తి వాసన చూసి, "కుళ్ళింది బాబూ, రేపే నాల్బంద్‌ను పిలుస్తా" అన్నాడు. నాల్బంద్ అంటే గిట్టలు చెక్కి నాడాలు కొట్టేవాడు. ఎండుగడ్డి నాలుగు పూటలు, నానబెట్టి ఉడికించిన ఉలవలు గుప్పెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాడు.

మా షెడ్డు నవంబర్‌లో పూర్తయింది. చుక్క ఛాతీ కొలత మళ్ళీ 179. పన్నెండడుగుల గదులు నాలుగు కట్టాం, రెండు ఖాళీగానే ఉన్నాయి. వచ్చే వానాకాలం మాలాగే పని ఆగిపోయి, గుర్రంతో ఎక్కడికెళ్ళాలో తోచనివాళ్ళుంటే నన్ను అడగండి. రక్తపరీక్ష రిపోర్టు తెచ్చుకోండి. వచ్చేది ఆదివారం కాకుండా, ఏదైనా వారం మధ్యలో, చెప్పకుండా రండి.