నెబ్యులైజర్ కొనే ముందు ఇది చూడండి: పిల్లల ఆయాసానికి మాస్క్ స్పేసర్ రివ్యూ

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో పిల్లల డాక్టరు రాసిచ్చిన చీటీ మెడికల్ షాపులో ఇస్తే మూడు డబ్బాలు చేతిలో పెడతారు. ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్ మందును కాసేపు పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం), బేబీ మాస్క్. దేనికి ఏది తగిలించాలో చూపించే తీరిక రద్దీ వేళ కౌంటర్లో ఎవరికీ ఉండదు. ఇంటికొచ్చాక ఎలాగోలా బిగించి రెండు రోజులు వాడతారు, ఫలితం కనబడదు. దాంతో "ఇది పనిచేయలేదు, మెషిన్ కొనేద్దాం" అంటారు. మెషిన్ అంటే మందు నీళ్ళను పొగలా మార్చి పీల్పించే నెబ్యులైజర్. చాలా ఇళ్ళలో పనిచేయనిది స్పేసర్ కాదు, పట్టుకున్న తీరు. అందుకే ఈ రివ్యూలో సగానికి పైగా వాడకం గురించే ఉంటుంది.

పల్లె నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఊళ్ళో మట్టిలో ఆడినా రాని ఆయాసం సిటీకొచ్చాక ఎందుకొచ్చింది? పసితనం నుంచి పశువుల మధ్య పెరిగిన పిల్లల్లో ఆస్తమా తక్కువన్నది నిజమే. అమెరికాలో పాత పద్ధతిలో పశువులతో సేద్యం చేసే ఆమిష్ పిల్లల్నీ, యంత్రాలతో సేద్యం చేసే హట్టరైట్ పిల్లల్నీ పోల్చిన అధ్యయనం 2016లో వచ్చింది. మొదటివాళ్ళలో సుమారు 5 శాతం మందికి, రెండోవాళ్ళలో సుమారు 21 శాతం మందికి ఆస్తమా ఉంది. ఇక ఇక్కడి అద్దె ఇంటి సంగతి చూడండి. గాలాడని పడకగది, చెమ్మెక్కిన గోడ, ఏళ్ళ తరబడి ఎండ చూడని దూది పరుపు, దాన్లో డస్ట్ మైట్స్ అనే కంటికి కనబడని పురుగులు, వంటింట్లో బొద్దింకలు, తలుపులన్నీ మూసి వెలిగించిన దోమల చుట్ట. వీటికి తోడు స్కూల్లో చేరగానే నెలకో జలుబు. అలాగని పిల్లాణ్ణి మళ్ళీ ఊరికి పంపితే తగ్గిపోతుందని లెక్కేసుకోవద్దు. కట్టెల పొయ్యి పొగ, వరి నూర్పిళ్ళ దుమ్ము, భోగి మంట అక్కడ కాచుకునే ఉంటాయి. సంక్రాంతికి ఊరెళ్తే బట్టల కంటే ముందు ఈ మూడు వస్తువులూ బ్యాగులో పడాలి. కరెంటు అవసరం లేకపోవడం స్పేసర్‌కి ఉన్న పెద్ద సుగుణం, అది అక్కడే తెలిసొస్తుంది.

షాపుల్లో ఎక్కువగా కనిపించేది సిప్లా జీరోస్టాట్ వీటీ. వేరే కంపెనీలవీ ఉన్నాయి. ఏది తీసుకున్నా వాల్వ్ ఉందో లేదో చూడండి. వాల్వ్ అంటే నోటి వైపున ఉండే పల్చటి రెక్క. పిల్లాడు గాలి పీల్చినప్పుడు తెరుచుకుంటుంది, వదిలినప్పుడు మూసుకుంటుంది, దాంతో వదిలిన ఊపిరి మందును వెనక్కి నెట్టదు. వాల్వ్ లేని ఉత్త గొట్టం చిన్నపిల్లలకి వద్దు. పారదర్శకంగా ఉంటే రెక్క కదలడం కంటికి కనిపిస్తుంది. ఇన్‌హేలర్ మూతి స్పేసర్ వెనక రంధ్రంలో బిగుతుగా కూర్చుంటోందా, మాస్క్ సైజు సరిపోయిందా అన్నవి కౌంటర్ దగ్గరే పెట్టి చూడండి. మాస్క్ ముక్కు దూలం నుంచి కింది పెదవికీ గడ్డానికీ మధ్యనున్న గుంట దాకా రావాలి. కళ్ళకు తగిలినా, గడ్డం దాటి వేలాడినా అది పెద్దది.

ఇప్పుడు వాడకం. పిల్లాణ్ణి ఒళ్ళో నిటారుగా, వీపు మీ ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టుకోండి. ఇన్‌హేలర్ మూత తీసి బాగా కుదపండి. కొత్తదైనా, కొన్నాళ్ళుగా వాడనిదైనా ముందు రెండు నుంచి నాలుగు పఫ్‌లు (ఒక్కసారి నొక్కితే ఒక పఫ్) గాల్లోకి వదలండి. దాన్ని స్పేసర్‌కి గుచ్చి, మాస్క్‌ను ముక్కూ నోరూ కలిపి మూసేలా ఆనించండి. ఎడం చేతి వేళ్ళతో గడ్డం కింద నుంచి మెల్లగా పైకి ఎత్తిపడితే అంచు చుట్టూ సందు ఉండదు. చాలామంది పైనుంచి నొక్కుతారు. అప్పుడు చెంపల దగ్గర సందు పడి మందు కళ్ళ వైపు పోతుంది. సందు లేదని నమ్మకం కుదిరాకే ఒక్క పఫ్ కొట్టండి. వెంటనే మాస్క్ తీసేయకుండా రెక్క మీద చూపు పెట్టి లెక్కపెట్టండి: ఐదారుసార్లు టిక్కు టిక్కుమని కదలాలి, ఏడాది లోపు పసిపిల్లలకైతే పదిసార్లు. రెక్క కదలడం లేదంటే మాస్క్ సరిగా అతకలేదు, మందు గదిలోకి పోతోంది. రెండో పఫ్ రాసి ఉంటే అర నిమిషం ఆగి, ఇన్‌హేలర్‌ను తీసి మళ్ళీ కుదిపి కొట్టాలి. రెండూ ఒకేసారి కొట్టేస్తే మందు రేణువులు ఒకదానికొకటి అంటుకుని గోడలకే పడతాయి.

ఏడుస్తున్న పిల్లాడికి బలవంతంగా పెడితే మందు లోపలికి వెళ్ళేది బాగా తక్కువ. ఏడ్చేటప్పుడు పొడవుగా ఊపిరి వదిలి చటుక్కున పీలుస్తారు, మందు గొంతులోనే ఆగిపోతుంది. మామూలు రోజుల్లో ఖాళీ మాస్క్‌ను బొమ్మకి పెట్టడం, వాడి చేతే వాడి ముఖానికి పెట్టించడం అలవాటు చేస్తే ఆయాసం వచ్చిన రాత్రి పేచీ ఉండదు.

ఇక నెబ్యులైజర్ మాట. ప్రాణాపాయం లేని ఆయాసంలో స్పేసర్ దానికి ఏమాత్రం తీసిపోదని, పిల్లల విషయంలో ఎమర్జెన్సీలో గడిపే సమయం కూడా తగ్గుతుందని కోక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష తేల్చింది. మెషిన్ హోరు పెడుతుంది, ఒక్కో మోతాదుకి పది నిమిషాల దాకా పడుతుంది, దాని కప్పు, మాస్క్ రోజూ కడగాలి. ధర స్పేసర్‌కి కొన్ని రెట్లు. ఆక్సిజన్ అవసరమయ్యేంత తీవ్రమైన ఆయాసానికి ఆసుపత్రిలో మెషిన్ కావాల్సిందే, దానికి ఇంట్లో ఒకటి కొనిపెట్టుకోవాల్సిన పని లేదు. "పొగ కనిపిస్తే మందు వెళ్తున్నట్టు" అన్న నమ్మకం వల్లే మెషిన్లు ఇన్ని అమ్ముడవుతున్నాయని మా అభిప్రాయం.

"ఇన్‌హేలర్ పవర్ ఎక్కువ, అలవాటైపోతుంది, సిరప్ పట్టండి" అని పెద్దవాళ్ళు అనడం మామూలే. లెక్క చూడండి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్ 5 ఎంఎల్‌లో 2 మిల్లీగ్రాములు, అంటే 20 పఫ్‌ల మందు. చేతులు వణకడం, గుండె దడ సిరప్‌తోనే ఎక్కువ. అలవాటైపోతుందన్న భయం అక్కర్లేదు గానీ, గమనించాల్సింది ఇంకోటి ఉంది. అప్పటికప్పుడు ఊపిరి ఆడించే సాల్బుటమాల్ వేరు, రోజూ వాడితే వాపు తగ్గించే బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ వేరు. డబ్బా రంగు చూసి కాదు, పేరు చదివి తీయండి. స్టెరాయిడ్ కొట్టాక నోరు పుక్కిలింపజేసి ఉమ్మించాలి, మాస్క్ ఆనినచోట ముఖం తడిగుడ్డతో తుడవాలి. లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. చేప మందు వేయించాం కదా అని రోజూ వాడాల్సిన ఈ స్టెరాయిడ్ ఆపేసే ఇళ్ళున్నాయి, అలా ఆపకండి.

కడగడంలోనే ఎక్కువ పాడుచేస్తారు. కొత్త ప్లాస్టిక్ స్పేసర్‌లో స్టాటిక్ ఛార్జ్ (దువ్వెనకి కాగితం ముక్కల్ని అంటించే లాంటి విద్యుత్తు) ఉంటుంది, మందు గోడలకు అంటుకుపోతుంది. కొన్నరోజే గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, విడిభాగాలు కాసేపు నానబెట్టి తీయండి. లోపలి వైపు మళ్ళీ ఉత్త నీళ్ళతో కడగొద్దు, గుడ్డతో అసలే తుడవొద్దు. తుడిస్తే ఛార్జ్ మళ్ళీ వస్తుంది. నోటికి తగిలే భాగం, మాస్క్ మాత్రం కడిగి, అన్నీ నిలబెట్టి రాత్రంతా నీడలో ఆరనివ్వండి. తర్వాత నెలకోసారి ఇలాగే. ఉప్పు బోరు నీళ్ళు వాడితే రెక్క మీద తెల్లటి పొర కట్టి బిగుసుకుపోతుంది, నానబెట్టడానికి తాగే నీళ్ళే వాడండి. జీరోస్టాట్ లాంటివాటికి ఛార్జ్ సమస్య తక్కువే అయినా కడిగే పద్ధతి మార్చక్కర్లేదు.

మందు డబ్బా అయిపోయిందో లేదో నీళ్ళలో తేలేసి చూడటం పాత చిట్కా, నమ్మదగింది కాదు. 200 పఫ్‌ల డబ్బాని పూటకి రెండు చొప్పున రోజుకి నాలుగు వాడితే 50 రోజులు. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీదే పెన్నుతో రాసేయండి. మే నెల ఎండకి స్కూటీ డిక్కీలో మాత్రం వదిలేయకండి, వేడికి ఒత్తిడి పెరిగి డబ్బా పేలే ప్రమాదముంది.

లోపాలూ ఉన్నాయి. స్కూలు బ్యాగులో ఇమడదు. మాస్క్ విడిగా కొనాలి. వాడే పద్ధతి తెలుగులో బొమ్మలతో పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుండేది. గుంటూరు మిర్చి యార్డు దగ్గరి ఇళ్ళలో సీజన్లో వచ్చే ఘాటు దగ్గు ఇంకో చిక్కు. ఆ మంట ఎలర్జీ కాదు, కారం ఘాటు ఊపిరి గొట్టాల్ని రేపడం. కిటికీ మూయకుండా ఎన్ని పఫ్‌లు కొట్టినా చాలదు.

స్పేసర్ ఎక్కడో మర్చిపోతే అర లీటరు నీళ్ళ సీసా అక్కరకొస్తుంది. అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ గాలి పోకుండా టేపు వేసి, సీసా మూతిని పిల్లాడి నోట్లో పెట్టాలి. ఇది నోటితో పీల్చడం తెలిసిన పిల్లలకే. సందులు మూసిన సీసా మామూలు స్పేసర్‌లాగే పనిచేస్తుందని 1999లో దక్షిణాఫ్రికా పరిశోధకులు చూపించారు.

డాక్టరు చెప్పిన పఫ్‌లు ఇరవై నిమిషాల తేడాతో మూడుసార్లు ఇచ్చినా పిల్లికూతలు తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళండి. డొక్కలు ఎగరేస్తున్నా, మాట తడబడుతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా బయల్దేరండి, దారిలో పఫ్‌లు ఇస్తూనే ఉండండి.

మా మార్కులు అయిదుకి నాలుగున్నర. ఐదేళ్ళు దాటి, పెదాలు బిగించి పీల్చడం వచ్చాక మాస్క్ తీసేసి నేరుగా మౌత్‌పీస్‌తో వాడండి, ముక్కు వడకట్టే మందు కూడా లోపలికి చేరుతుంది. రెక్క వంకర తిరిగినా, గొట్టం పగిలినా అతికించి వాడొద్దు. బాగానే ఉన్నా ఏడాదికోసారి మార్చండి.