బాన్షీకి ఏ బ్లాక్? ఇసుక దిబ్బల కోసం సిలిండర్లు, పోర్టింగ్

పాడిల్ టైర్లు (ఇసుకను తెడ్లలా తోసేవి) వేసిన బాన్షీ (యమహా వారి నాలుగు చక్రాల ఆఫ్-రోడ్ బండి) దిబ్బ ఎక్కుతున్నంతసేపూ ఇంజిన్ మీద పూర్తి బరువు ఉంటుంది. మట్టి రోడ్డు మీదలా చక్రం జారి ఇంజిన్‌కు కాస్త విరామం దొరకడం ఇక్కడ కుదరదు. గేరు మార్చినప్పుడు ఆర్‌పీఎం మరీ కిందికి పడిందంటే బండి దిబ్బ మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే దిబ్బల కోసం బ్లాక్ (పిస్టన్లు ఆడే సిలిండర్ల దిమ్మ) కొనేటప్పుడు గరిష్ఠ హార్స్‌పవర్ అంకెను పక్కన పెట్టాలి. గేరు మారాక ఆర్‌పీఎం ఎక్కడికి పడిందో అక్కడి నుంచి మళ్లీ లాగుతుందా అన్నదే చూడాలి.

యమహా బాన్షీ అమెరికాలో 1987 నుంచి 2006 మోడల్ వరకు అమ్ముడైంది. ఆర్‌జెడ్ 350 రోడ్డు బైకు నుంచి వచ్చిన ఇంజిన్ అది. జంట సిలిండర్లు, టూ స్ట్రోక్, 64 మి.మీ. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం), 54 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 347 సీసీ. దీనికి దొరికే బ్లాకులు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది కంపెనీ బ్లాక్. అల్యూమినియం ఒళ్లు, లోపల కాస్ట్ ఐరన్ స్లీవ్ (గొట్టం). పిస్టన్ సీజ్ అయినా (బిగుసుకుపోయినా) రీబోర్ చేసి (బోర్‌ను కాస్త పెద్దగా కోసి) మళ్లీ వాడుకోవచ్చు. 66 మి.మీ. వరకు ఓవర్‌సైజ్ పిస్టన్లు దొరుకుతాయి. పోర్టింగ్ (సిలిండర్ గోడలో గ్యాస్ వచ్చిపోయే కిటికీలను, అంటే పోర్టులను, కోసి మార్చడం) చేసేటప్పుడు కట్టర్ కాస్త జారి బోర్‌లో గీత పడినా తర్వాతి సైజు బోరింగ్‌లో పోతుంది. దీని ప్రధాన లోపం ట్రాన్స్‌ఫర్ పోర్టుల (కింది నుంచి కొత్త మిశ్రమాన్ని సిలిండర్‌లోకి తెచ్చేవి) దగ్గర ఉంది. స్లీవ్‌లో కోసిన కిటికీ, వెనక అల్యూమినియం దారి ఒకదానితో ఒకటి కలవవు, మధ్యలో మెట్టు మిగిలిపోతుంది. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తు ముట్టుకోకుండా ఆ మెట్టును నునుపు చేసి, బ్లాక్ అడుగును కేసు (క్రాంక్ ఉండే కింది పెట్టె) నోటితో కలిపినా మధ్య ఆర్‌పీఎంలో లాగుడు మెరుగుపడుతుంది. డబ్బు తక్కువగా ఉంటే మొదట చేయించాల్సింది ఇదే.

రెండోది 68 మి.మీ. బోర్‌తో వచ్చే నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్) పూత బ్లాకులు. ఎథీనా, కబ్ పేర్లతో అమ్మేవి ఈ కోవలోవే. కంపెనీ క్రాంక్‌తో (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసుతో) 392 సీసీ, 58 మి.మీ. స్ట్రోక్ క్రాంక్‌తో 421 సీసీ అవుతుంది. స్లీవ్ లేదు కాబట్టి వేడి త్వరగా కూలెంట్‌లోకి పోతుంది. పొడవైన ఎక్కుళ్లలో ఈ తేడా బాగా పనికొస్తుంది. కానీ పూత దెబ్బతింటే రీబోర్ కుదరదు, మళ్లీ పూత వేయించాల్సిందే. హోనింగ్‌కు (బోర్ గోడను రాళ్లతో సానపట్టడానికి) కూడా డైమండ్ రాళ్లు కావాలి. ఇసుక రేణువులు లోపలికి వెళ్లే బండికి ఇది చిన్న విషయం కాదు. ఫిల్టర్‌కు నూనె పట్టించి, పైన గుడ్డ కవర్ తొడిగి, కార్బొరేటర్ రబ్బర్ల దగ్గర గాలి లీకు లేదని తేల్చుకున్నాకే ఈ రకం మీద డబ్బు పెట్టండి. ఆర్డర్ ఇచ్చేముందు బ్లాక్ అడుగు కేసులో నేరుగా దిగుతుందా, కేసును బోర్ చేయించాలా అన్నది తప్పకుండా అడగండి.

ఎక్కువమంది దెబ్బతినేది క్రాంక్ దగ్గర. కంపెనీ స్ట్రోక్‌కు పోర్టింగ్ చేసిన బ్లాక్‌ను తెచ్చి 58 మి.మీ. క్రాంక్ మీద పెడతారు. లెక్క వేస్తే ఏం జరుగుతుందో తెలుస్తుంది. 110 మి.మీ. రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపేది), 54 స్ట్రోక్‌తో, క్రాంక్ ఒక చుట్టు (360 డిగ్రీలు) తిరిగేలోపు ఎగ్జాస్ట్ 190 డిగ్రీలు, ట్రాన్స్‌ఫర్ 126 డిగ్రీలు తెరిచి ఉండే బ్లాక్ తీసుకోండి. ఈ రెండింటి తేడాలో సగం, అంటే 32 డిగ్రీలు, బ్లోడౌన్. ట్రాన్స్‌ఫర్ తెరుచుకునేలోపు కాలిన గ్యాస్ బయటికి పోవడానికి దొరికే సమయం అది. అదే బ్లాక్ 58 క్రాంక్ మీదికి వెళ్తే ఎగ్జాస్ట్ సుమారు 191 దగ్గరే ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ మాత్రం 132 దాటుతుంది. బ్లోడౌన్ 29కి పడిపోతుంది. పిస్టన్ 2 మి.మీ. పైకి వస్తోందని బ్లాక్ కింద 2 మి.మీ. ప్లేటు వేస్తే ఇంకా ఘోరం: ఎగ్జాస్ట్ 199, ట్రాన్స్‌ఫర్ 142 డిగ్రీలు. కింది ఆర్‌పీఎంలో పికప్ పూర్తిగా చచ్చిపోతుంది. కంపెనీ బ్లాక్‌తో స్ట్రోకర్ (స్ట్రోక్ పెంచిన) క్రాంక్ వేసేవాళ్లు ప్లేటు జోలికి పోకుండా హెడ్ డోమ్‌ను (సిలిండర్ మూతలోని గోపురాన్ని) ఆ 2 మి.మీ.కు తగ్గట్టు కోయించాలి, ఎగ్జాస్ట్‌ను కొత్తగా లెక్కగట్టి ఎత్తాలి.

దిబ్బల బండికి 54 స్ట్రోక్ మీద ఎగ్జాస్ట్ 190 నుంచి 194 మధ్య బాగుంటుందని మా అభిప్రాయం. పిస్టన్ పై స్థానం నుంచి కొలిస్తే పోర్టు పై అంచు 28 నుంచి 27 మి.మీ. దగ్గర ఉండాలన్నమాట. ఒక మిల్లీమీటరు ఎత్తితే నాలుగు డిగ్రీలు పెరుగుతాయి కాబట్టి చేతి వణుకు కూడా లెక్కలోకి వస్తుంది. 200 డిగ్రీల బ్లాకులు సూటిగా పరుగెత్తే పందేలకు పనికొస్తాయి, మలుపులు తిరుగుతూ దిబ్బలు ఎక్కిదిగేవాళ్లకు వద్దు. ఎగ్జాస్ట్ పైపు కూడా ఇదే లెక్కకు తగినట్టు ఉండాలి. మధ్య ఆర్‌పీఎం పోర్టింగ్‌కు టాప్ ఎండ్ (పై ఆర్‌పీఎం) పైపు తగిలిస్తే రెండూ వృథా.

పని మొదలుపెట్టే ముందు క్రాంక్‌కు డిగ్రీ చక్రం బిగించి రెండు సిలిండర్లనూ ఉన్నవి ఉన్నట్టు కొలవండి. బోర్‌లో మార్కింగ్ ఇంకు పూసి, గీత గీసుకుని, ఆ గీతకు కొంచెం ఇవతలే కట్టర్ ఆపి, మిగతాది సన్న ఆకురాయితో తీయాలి. ఎగ్జాస్ట్ వెడల్పును సూటిగా కొలిస్తే బోర్‌లో 65 శాతం, అంటే 64 బోర్‌కు 41.6 మి.మీ., నిశ్చింతగా వాడొచ్చు. 70 శాతానికి, అంటే 44.8కి వెళ్లాలంటే పై అంచు కోడిగుడ్డు ఆకారపు వంపులో ఉండాలి. అంచు బల్లపరుపుగా, మూలలు చదరంగా వదిలేస్తే రింగు కిటికీలోకి ఉబ్బి, పైకి వచ్చేటప్పుడు అంచుకు తగిలి విరుగుతుంది. రింగు కొసలు ఏ పోర్టు మీదుగా పోతున్నాయో పిస్టన్ పెట్టి చూడండి. ఇన్‌టేక్‌ను అతిగా వెడల్పు చేస్తే పిస్టన్ స్కర్ట్‌కు (కింది భాగానికి) ఆనిక తగ్గి పగుళ్లు వస్తాయి.

రెండు పక్కల ట్రాన్స్‌ఫర్లు ఒకే ఎత్తులో ఉండాలి, లేదంటే కొత్త మిశ్రమం ఒక వైపుకు వాలి ఎగ్జాస్ట్‌లోకి జారిపోతుంది. రెండు సిలిండర్ల మధ్య తేడా ఉంటే ఒకదానికి సరిపోయిన జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రం) రెండోదానికి లీన్ (పెట్రోలు తక్కువ) అవుతుంది. సీజ్ అయ్యేది ఆ రెండోదే. నికాసిల్ బ్లాక్‌లో కట్టర్‌ను బోర్ వైపు నుంచి పోర్టులోకి తిరిగేలా పట్టాలి. ఎదురుగా తిరిగితే పూత అంచు పెచ్చులూడుతుంది. ఎత్తు మార్చేంత పని ఉంటే దాని తర్వాత మళ్లీ పూత వేయించడం మేలు.

పోర్టింగ్, బోరింగ్ అయ్యాక ప్రతి పోర్టు అంచునూ అర మిల్లీమీటరు మేర గుండ్రం చేసి, చివరి హోనింగ్ చేయించి, వేడి సబ్బు నీళ్లతో కడగాలి. తెల్ల గుడ్డతో తుడిచినప్పుడు బూడిద రంగు అంటుతోందంటే మళ్లీ కడగాల్సిందే. పిస్టన్ క్లియరెన్స్‌కు పెట్టెలో వచ్చిన కాగితంలోని కొలతే ప్రమాణం. ఫోర్జ్‌డ్ (ఒత్తిడితో మలిచిన) పిస్టన్ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది, కాస్ట్ (పోతపోసిన) పిస్టన్ కొలతతో బోర్ చేస్తే నాలుగు చోట్ల గీరుకుంటుంది. స్క్విష్‌ను (పిస్టన్ పై అంచుకు, హెడ్‌కు మధ్య ఖాళీని) టంకం తీగతో పిస్టన్ పిన్ను వరుసలో రెండు వైపులా కొలవండి, 1.0 నుంచి 1.3 మి.మీ. ఉంటే మంచిది. పంపు పెట్రోలుతో తిరిగే బండికి కిక్ కొట్టి చూసిన కంప్రెషన్ 150 పీఎస్ఐ దగ్గర ఆపడం క్షేమం. అంతకు మించితే పొడవైన ఎక్కుడులో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ అంచు తినేస్తుంది.

బిగించాక ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసి 6 పీఎస్ఐ గాలి నింపి 6 నిమిషాలు చూడండి. గేజి ముల్లు దిగితే సబ్బు నురుగుతో లీకు వెతికి సరిచేయకుండా స్టార్ట్ చేయొద్దు. మెయిన్ జెట్ రిచ్ (పెట్రోలు ఎక్కువ) వైపు నుంచే మొదలుపెట్టి, పూర్తి థ్రాటిల్‌లో ఇంజిన్ ఆపి ప్లగ్ రంగు చూసుకుంటూ, ఒక్కో సైజు తగ్గించుకుంటూ రండి.