ఆర్డుయినో నానో, పికో: ఐదేళ్లు వాడాక

ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని ఐదేళ్ల క్రితం ఆర్డుయినో నానో అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి కొన్నాను. కంప్యూటర్‌లో కోడ్ రాసి దీంట్లోకి ఎక్కిస్తే అది నడుస్తుంది. అసలుది కాదు, చవగ్గా దొరికే నకలు. మొదటి రోజంతా అది కంప్యూటర్‌కు కనబడనే లేదు. బోర్డును యూఎస్‌బీతో కలిపే సీహెచ్340 చిప్‌కు డ్రైవర్ వేసినా లాభం లేకపోయింది. సాయంత్రానికి తేలిందేమిటంటే, నేను తగిలించింది ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్. అందులో డేటా తీగలే లేవు. ఒక్క లైను కోడ్ రాయకుండానే మొదటి పాఠం అయిపోయింది.

మేడ మీద ట్యాంకు నిండితే బజర్ మోగాలని నా మొదటి ప్రాజెక్టు. ధ్వని తరంగాలతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో నీటిమట్టం కొలిచి, కాసేపు ఆగి, మళ్లీ కొలవాలి. ఇన్ని మిల్లీసెకన్లు ఆగమని చెప్పే ‘డిలే’ ఆదేశంలో 10 * 1000 అని రాస్తే పది సెకన్లకోసారి బాగానే కొలిచింది. నిమిషానికోసారి చాలులే అని 60 * 1000 చేశాను. ఒక్కసారి కొలిచి బిగుసుకుపోయింది. వైర్లు మార్చాను, సెన్సర్ మార్చాను, చివరికి బోర్డే పోయిందనుకున్నాను.

నానోలో కోడ్ నడిపే చిప్‌లో మామూలు పూర్ణసంఖ్యకు ఉండేది 16 బిట్లే. 32,767 దాటితే పట్టదు. నేను రాసిన 60,000 కాస్తా −5,536 అయి కూర్చుంది. డిలేకు రుణసంఖ్యలు తెలియవు కాబట్టి దాన్ని పేద్ద ధనసంఖ్యగా చదువుకుంది. మిల్లీసెకన్లలో లెక్కేస్తే 49 రోజుల 17 గంటలు! పాపం, బోర్డు చెప్పినట్టే ఆగింది. 60 పక్కన ‘ఎల్’ అనే ఒక్క ఇంగ్లీషు అక్షరం పెడితే (దీన్ని పెద్ద సంఖ్యగా తీసుకో అని అర్థం) సరిపోయింది. హెచ్చరికలు ఆన్‌లో ఉంటే, కోడ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైలరే చెప్పేది. కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ అయిన ఆర్డుయినో ఐడీఈలో అవి మొదట ఆఫ్‌లో ఉంటాయి, అదెందుకో నాకు ఇప్పటికీ నచ్చదు.

2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో అనే ఇలాంటి బోర్డే ఆ తర్వాత కొన్నాను. నానోలో ర్యామ్ 2 కేబీ, దీంట్లో 264 కేబీ. చిన్న బోర్డుల కోసం చేసిన పైథాన్ భాష, మైక్రోపైథాన్‌లో ఒక్కో లైనూ కొట్టి ఫలితం అప్పటికప్పుడే చూసుకోవచ్చు. ఇప్పుడు ఎవరైనా అడిగితే దీంతోనే మొదలుపెట్టమంటాను. కాకపోతే దీని పిన్నులు 3.3 వోల్టులవి. 5 వోల్టుల సెన్సర్‌ను మధ్యలో రెసిస్టర్లు లేకుండా నేరుగా తగిలించి ఒక పిన్ను కాల్చుకున్నాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే, చిన్న కంప్యూటర్ లాంటి పెద్ద రాస్ప్‌బెర్రీ పై కూడా వాడాను గానీ, కరెంటు పోయినప్పుడల్లా ఎస్‌డీ కార్డు ఏమైందోనని టెన్షన్. రెండు కార్డులు అలాగే పోయాయి.

అసలు లోపం బోర్డుల్లో లేదు. ప్రతి సెన్సర్‌కూ లైబ్రరీ (ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్), దాంతోపాటే ఉదాహరణ కోడ్ దొరుకుతాయి. అతికిస్తే లైటు వెలుగుతుంది, మనకు వచ్చేసిందనిపిస్తుంది. నేను సొంతంగా ఒక ఫంక్షన్ రాయడానికి ఏడాదిన్నర పట్టింది.

ట్యాంకు మీది నానో ఇప్పటికీ పనిచేస్తోంది. మొన్న వానల్లో ఒకసారి బజర్ మూగబోతే రాత్రంతా కోడ్ తిరగేశాను. పొద్దున మేడెక్కి డబ్బా తెరిస్తే లోపల నిండా చీమలు, గుడ్లతో సహా.