నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఫోర్‌కాస్ట్: స్నోషూ వేసుకునే ముందు ఇది చూడండి

సియాటిల్ చుట్టుపక్కల కొండల్లో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఎంతుందో ముందే చెప్పే ఫోర్‌కాస్ట్ ఇది. రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 5. పైసా కట్టక్కర్లేదు.

సియాటిల్‌లో మనవాళ్ళు చలికాలం వీకెండ్ వచ్చిందంటే స్నోషూలు (మంచులో కాలు దిగబడకుండా బూట్లకి కట్టుకునేవి) అద్దెకు తెచ్చుకుని స్నోక్వాల్మీ పాస్ అనే కొండ కనుమ వైపు బండి తీస్తారు, మామూలు వెదర్ యాప్‌లో ఎండ కనిపిస్తే చాలు. కానీ ఎండ కాసిందంటే మంచు చరియలు పడవని కాదు. రాత్రంతా గాలి కొట్టి కొండకి ఒక పక్కనున్న మంచుని తెచ్చి రెండో పక్క వాలు మీద పేర్చిపోతుంది. పొద్దున చూస్తే నున్నగా, దిండులా ఉంటుంది. కాలు పెడితే పెంకులా పగిలి, వాలంతా ఒక్కసారే కిందికి జారుతుంది. "ఇవేమన్నా హిమాలయాలా?" అనేవాళ్ళకి ఒకటే మాట: 1910 మార్చి 1న, ఇక్కడే మన వాషింగ్టన్ రాష్ట్రంలో, స్టీవెన్స్ పాస్ దగ్గర వెల్లింగ్టన్‌లో ఆగి ఉన్న రెండు రైళ్ళని చరియ లోయలోకి తోసేసింది, 96 మంది పోయారు.

సీజన్‌లో రోజూ సాయంత్రానికి మర్నాటి ఫోర్‌కాస్ట్ వచ్చేస్తుంది. చెట్లున్న కింది భాగం, చెట్లు పలచబడే చోటు, ఆ పైన బోడి కొండ, ఈ మూడింటికీ విడివిడిగా 1 నుంచి 5 వరకు ప్రమాద స్థాయి ఇస్తారు. ఏ దిక్కు వాలు మీద ఏ రకం సమస్య ఉందో బొమ్మ వేసి చూపిస్తారు. దాని పక్కనే రాసే వివరణ ఉంది చూడండి, అది చదవకుండా రంగు మాత్రమే చూసి వదిలేయకండి, అసలు సరుకంతా అక్కడే ఉంటుంది.

అందరూ పొరబడేది 3 దగ్గర, అంటే ఆరెంజ్ రంగు, 'కన్సిడరబుల్'. 5కి 3 అంటే మధ్యస్తమేలే అనిపిస్తుంది. కాదండీ, మనిషి బరువుకే చరియ విరిగే అవకాశం బాగా ఉందని దానర్థం. 4 చూస్తే చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు, 3 చూసి బయల్దేరతారు, ప్రాణాలు ఎక్కువగా పోయేది కూడా అలాంటి రోజుల్లోనే.

పోయిన జనవరిలో మేం నలుగురం స్నో లేక్‌కి నడిచి వెళ్దాం అనుకున్నాం. ముందురోజు సాయంత్రం చూస్తే ఆరెంజ్. ఎండాకాలం నడిచే ఆ దారి, చరియలు దిగే వాలుల కిందనుంచే పోతుంది. మా బావగారు కాస్త నొచ్చుకున్నా, ప్లాన్ మార్చి గోల్డ్ క్రీక్ పాండ్ చుట్టూ చదునులో తిరిగి ఇంటికొచ్చేశాం. థర్మాస్‌లో టీ వేడిగానే ఉంది, పిల్లలు మంచులో ఆడుకున్నారు, ఇంకేం కావాలి?

30 డిగ్రీలు దాటిన వాలుల మీదికి గానీ, వాటి కిందికి గానీ వెళ్ళేట్టయితే బీకన్ (మంచు కింద ఉన్న మనిషి జాడ తెలిపే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మనిషికొక్కటి ఉండాల్సిందే, వాటితో వెతకడం ముందే నేర్చుకుని ఉండాలి. మంచులో కూరుకుపోయిన మనిషిని పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత గబగబా పడిపోతుంది, రెస్క్యూ టీమ్ అంతలో రాలేదు. ఇంకోటి, బీకన్ అద్దెకు తీసుకుంటే కౌంటర్ దగ్గరే ఆన్ చేసి బ్యాటరీ ఎంతుందో చూసుకోండి. ఒక షాపులో నాకిచ్చిన దాంట్లో సగం కూడా లేదు, పార్కింగ్‌లో చూసుకుని మళ్ళీ వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.